జి.పి. శిక్షణలో స్టడీ లీవ్, కోర్సు ఖర్చు: దాతలు తెలుసుకోవలసిన సంగతులు

రంజాన్‌కు ముందు మన సంఘానికి విద్యా సహాయం కోరుతూ దరఖాస్తులు వస్తాయి. ఇంటర్, బి.టెక్., ఎం.బి.బి.ఎస్. ఫీజుల దరఖాస్తులను పరిశీలించడం మనకు అలవాటే. కాలేజీ రసీదు, ఆదాయ ధ్రువీకరణ పత్రం, మార్కుల జాబితా చూస్తే చాలావరకు విషయం తేలిపోతుంది. కానీ కొంతకాలంగా మరో మాట వినబడుతోంది. "మా అబ్బాయి ఇంగ్లండ్‌లో జి.పి. ట్రైనింగ్‌లో ఉన్నాడు, కోర్సులకు, పరీక్షలకు డబ్బు కావాలి, జకాత్ నుంచి ఏమైనా చేయగలరా?" అని కొందరు తల్లిదండ్రులు అడుగుతున్నారు. ఈ మాట వినగానే కాదనడానికి మనసొప్పదు, తెలియకుండా ఇవ్వడానికి చెయ్యి రాదు. దాతలకు ఇందులో ఏది అవసరమో, ఏది ఇప్పటికే అందుతున్నదో తెలియాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

జి.పి. అంటే జనరల్ ప్రాక్టీషనర్, మన మాటలో కుటుంబ వైద్యుడు. బ్రిటన్‌లో జబ్బు చేసిన మనిషి మామూలుగా మొదట వెళ్ళేది జి.పి. దగ్గరికే. ఆయన పంపితేనే పెద్దాసుపత్రి స్పెషలిస్టు చూస్తారు. 1950ల తర్వాత మన ఉపఖండం నుంచి వెళ్ళిన డాక్టర్లు అక్కడి కార్మిక పట్టణాలలో, వేల్స్ బొగ్గుగనుల లోయలలో, స్థానికులు పని చేయడానికి ఇష్టపడని చోట్ల క్లినిక్‌లు నడిపి ఆ వ్యవస్థను నిలబెట్టారు. ఇప్పుడు మన తెలుగు పిల్లలు ప్లాబ్ పరీక్ష రాసి వెళ్ళడం ఆ దారిలోనే.

జి.పి. కావడానికి ఎం.బి.బి.ఎస్. తర్వాత, అక్కడ రిజిస్ట్రేషన్ వచ్చాక, మూడేళ్ల శిక్షణ ఉంటుంది. కొంతకాలం ఆసుపత్రి వార్డులలో, మిగతా కాలం జి.పి. క్లినిక్‌లో పని చేస్తూ నేర్చుకోవాలి. ఇక్కడ దాతలు మొట్టమొదట గుర్తుంచుకోవలసింది ఒకటుంది. ఆ మూడేళ్లూ అతను ఫీజు కట్టే విద్యార్థి కాడు, జీతం తీసుకునే ఉద్యోగి. ఇంగ్లండ్‌లో ప్రస్తుతం మొదటి ఏడాది ట్రైనీ మూల వేతనమే సంవత్సరానికి 50 వేల పౌండ్లు దాటింది. అక్కడి ఇంటి అద్దె, పన్నులు కూడా పెద్దవే అనుకోండి. అయినా శిక్షణకు ట్యూషన్ ఫీజు అన్నది లేదు.

రెండవది స్టడీ లీవ్. 2016 నాటి ఇంగ్లండ్ జూనియర్ డాక్టర్ల ఒప్పందం ప్రకారం స్పెషాలిటీ ట్రైనీకి ఏడాదికి 30 రోజుల వరకు చదువు సెలవు ఇవ్వవచ్చు. సగం కాలం పని చేసేవారికి ఆ లెక్కన తగ్గుతుంది. ఇది జీతంతో కూడిన సెలవు, మామూలు వార్షిక సెలవుకు అదనం. మన టీచర్లకు "ఆన్ డ్యూటీ" ఇచ్చి ట్రైనింగుకు పంపినట్టే అనుకోవచ్చు. తేడా ఏమిటంటే మనల్ని పంపే ట్రైనింగు ఏదో పైనుంచి వస్తుంది, అక్కడ ట్రైనీ తనకు కావలసినదాన్ని తానే అడగవచ్చు. అయితే 30 రోజులూ చేతికి రావు. వారం వారం జరిగే సామూహిక తరగతులను కూడా అందులోనే లెక్క వేస్తారు. అవి పోగా మిగిలినవే కోర్సులకు, పరీక్షలకు.

క్లినిక్‌లో పని చేసే కాలంలో ఇంకో ఏర్పాటు ఉంది. నాకు ఈ వ్యవస్థలో అన్నిటికన్నా నచ్చింది ఇదే. వారానికి 40 గంటల పనిని నాలుగేసి గంటల చొప్పున పది భాగాలు చేస్తారు. ఏడు భాగాలు రోగులను చూడటానికి, మూడు చదువుకు. ఆ మూడింటిలో రెండు ట్రైనర్‌తోనో తోటివారితోనో కూర్చుని నేర్చుకునేవి, ఒకటి తన సొంతంగా చదువుకునేది. అంటే నేర్చుకునే సమయం టైంటేబుల్‌లోనే ఉంది. ఇంటికి వెళ్ళాక, పిల్లలు నిద్రపోయాక దొరికే సమయాన్ని చదువు సమయం అనడం లేదు. ముప్పై ఏళ్లుగా పాఠం చెబుతున్నవాడిగా దీని విలువ నాకు తెలుసు.

మూడవది డబ్బు. 2018 ఏప్రిల్‌కు ముందు ఇంగ్లండ్‌లో ఒక్కో ట్రైనీకి కోర్సుల కోసం ఇంత అని ఒక మొత్తం ఉండేది, అదీ ప్రాంతానికో తీరుగా. ఆ తర్వాత ఆ లెక్క తీసేసి నిధిని ఒకచోట చేర్చారు. పాఠ్యప్రణాళికకు అవసరమైన కోర్సు అయితే దాని ఖర్చు ఆ నిధి నుంచి ఇస్తారు. అప్పట్లో దీన్ని హెల్త్ ఎడ్యుకేషన్ ఇంగ్లండ్ చూసేది, 2023 ఏప్రిల్‌లో ఆ సంస్థ ఎన్.హెచ్.ఎస్. ఇంగ్లండ్‌లో కలిసిపోయింది. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్ నియమాలు వేరు. పద్ధతి చాలా మటుకు ఇలా ఉంటుంది: ట్రైనీ ముందుగా తన ఎడ్యుకేషనల్ సూపర్‌వైజర్‌తో మాట్లాడి, ఆ కోర్సు ఎందుకు అవసరమో రాసి, వారాల ముందే అనుమతి తీసుకోవాలి. వెళ్ళి వచ్చాక రసీదు, హాజరు పత్రం పెట్టి డబ్బు తిరిగి తెచ్చుకోవాలి. అనుమతి లేకుండా ముందే డబ్బు కట్టి తర్వాత అడిగితే రాదు. కొత్తగా వెళ్ళిన మన పిల్లలలో కొందరు ఇక్కడే దెబ్బతింటారు. అడగడం మర్యాద కాదేమో, ఉద్యోగానికి ముప్పేమో అని సంకోచించి జేబులోంచి కట్టేస్తారు. అది ఎవరో దయతో ఇచ్చేది కాదు, వారి ఉద్యోగ ఒప్పందంలో భాగం.

ఇక ఆ నిధి ఇవ్వనివి ఉన్నాయి. ముఖ్యమైనది పరీక్ష ఫీజు. జి.పి. కావాలంటే రాయల్ కాలేజ్ ఆఫ్ జనరల్ ప్రాక్టీషనర్స్ వారి ఎం.ఆర్.సి.జి.పి. పూర్తి చేయాలి. ఇందులో ఏ.కె.టి. అనే కంప్యూటర్ పరీక్ష, ఎస్.సి.ఏ. అనే సంప్రదింపుల పరీక్ష ఉంటాయి. రెండవదానికి ఒక్కసారికే వెయ్యి పౌండ్లు దాటుతుంది. ఈ ఫీజులు ట్రైనీయే కట్టుకోవాలి. పన్నులో కొంత మినహాయింపు అడగవచ్చు. తప్పితే మళ్ళీ కట్టాలి. ఒక్కో పరీక్షకు అవకాశాలు పరిమితమే. అవి అయిపోతే శిక్షణే ఆగిపోవచ్చు, వీసా కూడా దానితో ముడిపడి ఉంటుంది.

విదేశాలలో చదివి వెళ్ళినవారు ఈ పరీక్షలలో బ్రిటన్‌లో చదివినవారికంటే ఎక్కువగా తప్పుతున్నారన్నది అందరూ ఒప్పుకున్న విషయం. 2013లో మాంచెస్టర్ ప్రొఫెసర్ అనీస్ ఇస్మాయిల్ అక్కడి వైద్య మండలి కోసం దీన్ని పరిశీలించారు. భారత సంతతి వైద్యుల సంఘం బపియో దీని మీద కోర్టుకు వెళ్ళింది. 2014లో లండన్ హైకోర్టు పరీక్ష చట్టబద్ధమేనని తీర్పు ఇచ్చింది, కానీ ఫలితాలలోని తేడాను తగ్గించడానికి కాలేజీ పూనుకోవాలని కూడా చెప్పింది. అప్పటి పరీక్ష పేరు, తీరు మారాయి. ఇప్పటి ఎస్.సి.ఏ. 2023లో వచ్చింది. పన్నెండు కేసులు, ఒక్కోదానికి పన్నెండు నిమిషాలు, వీడియోలోనో ఫోనులోనో. రోగి చెప్పేది వినాలి, అతని భయం ఏమిటో తెలుసుకోవాలి, అతనికి నచ్చజెప్పాలి, సమయం దాటకూడదు. ఇక్కడ మన పిల్లలకు లోటు వైద్య జ్ఞానంలో కాదు. డాక్టరు చెప్పాడు, రోగి విన్నాడు అనే పద్ధతిలో పెరిగినవారికి ఆ సంభాషణ అలవాటు కావడానికి సాధన కావాలి. దానికి డబ్బు కంటే మనుషులు కావాలి. అక్కడ స్థిరపడిన మన జి.పి.లు వారానికి ఒక సాయంత్రం ఆన్‌లైన్‌లో రోగి పాత్ర వేసి కూర్చుంటే, ఖరీదైన ప్రైవేటు కోచింగుకు దీటైన మేలు జరుగుతుంది. ఈ సంచిక చదివే అక్కడి సోదరసోదరీమణులు దీన్ని కూడా సదఖాగానే భావించాలని నా మనవి.

ఇక జకాత్ మాట. నేను ఫత్వా ఇచ్చేవాణ్ణి కాను, బడిపంతులును. సూరా తౌబా 60వ ఆయత్‌లో చెప్పిన ఎనిమిది వర్గాలలో జీతం తీసుకునే ట్రైనీ వస్తాడా అన్నది ఉలమాను అడిగి తేల్చుకోవలసిన ప్రశ్న. అప్పుల్లో మునిగినవాడి సంగతి వేరు కావచ్చు. కోర్సు ఫీజు మటుకు అక్కడి నిధి ఇవ్వవలసింది, మన పేదపిల్లల సొమ్ము దానికి పోకూడదు. పరీక్ష ఫీజుకు, అది కూడా రెండవసారి మూడవసారి కట్టవలసి వచ్చినవారికి, ఖర్జె హసనా సరిపోతుంది. జీతం ఉన్నవాడు తీర్చగలడు, ఆ డబ్బు మరొకరికి తిరుగుతుంది. ప్లాబ్ రాసి, ఉద్యోగం రాక ఖాళీగా ఉన్నవారి ఇబ్బంది నిజమైనదే. కానీ ఇటీవల శిక్షణ సీట్లకు పోటీ విపరీతంగా పెరిగింది కనుక, ఆ దారికి కొత్తగా అప్పు ఇచ్చేముందు ఇంట్లోవాళ్లతో కూర్చుని మాట్లాడాలి.

మరి నిజంగా చెయ్యి అందించవలసింది ఎవరికి? నన్నడిగితే ఇక్కడే ఫ్యామిలీ మెడిసిన్ చదివేవారికి. మన దేశంలో డి.ఎన్.బి. ఫ్యామిలీ మెడిసిన్ కూడా మూడేళ్లే. స్టైపెండ్ వస్తుంది, కానీ ఏటా లక్ష రూపాయలకు పైగా కోర్సు ఫీజు తామే కట్టాలి. మెడికల్ కాలేజీ పి.జి.లకు జాతీయ వైద్య కమిషన్ 2023 నిబంధనలలో అకడమిక్ సెలవు ఏడాదికి 5 రోజులు. ఆ 5 రోజుల్లో ఏ కోర్సుకో వెళ్ళాలంటే ఫీజు, రైలు చార్జీ చాలాసార్లు సొంతంగా పెట్టుకోవలసిందే. అక్కడ 30, ఇక్కడ 5. స్పెషలిస్టు కాదని ఫ్యామిలీ మెడిసిన్ ఎంచుకుని బస్తీలోనో మండల కేంద్రంలోనో ఉండిపోతానన్న అమ్మాయికి ఏటా ఒక కోర్సు ఖర్చు మనం భరిస్తే, మన ముసలివాళ్ల షుగర్, బీ.పీ. చూసే డాక్టరు మన వీధిలోనే ఉంటుంది.

కమిటీకి నా సూచన చిన్నది. బ్రిటన్ నుంచి కోర్సు సహాయం అడిగేవారి దరఖాస్తుకు స్టడీ లీవ్ అనుమతి కోరిన ఈమెయిల్, దానికి వచ్చిన జవాబు జతచేయమనాలి. అడగనే లేదంటే ముందు అడిగి రమ్మనాలి. తిరస్కరించారంటే ఆ కారణం చదివాకే మన చర్చ మొదలుపెట్టాలి.