రైఫిల్ కొంటున్నారా? ముందు పది గుండ్లు కాల్చి చూడండి

2021 జూలై 25. టోక్యో ఒలింపిక్స్‌లో మహిళల 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ క్వాలిఫికేషన్ జరుగుతోంది. చక్కగా గురి కుదిరి కాలుస్తున్న మను భాకర్ చేతిలోని పిస్టల్ ఉన్నట్టుండి మొరాయించింది. ఆమె రేంజ్ వదిలి వెళ్లి, దాన్ని బాగు చేయించుకుని తిరిగొచ్చేసరికి దాదాపు 20 నిమిషాలు గడిచిపోయాయి. మిగిలిన గుండ్లన్నీ గడియారంతో పోటీపడి కాల్చాల్సి వచ్చింది. చివరికి 575 పాయింట్లతో 12వ స్థానంలో ఆగిపోయారు. ఫైనల్‌కు కావలసింది 577.

ప్రపంచ స్థాయి క్రీడాకారిణి వాడే ఆయుధం అది. చుట్టూ కోచ్‌లు, నిపుణులు ఉన్నారు. అయినా ఒక్క భాగం చెడిపోవడంతో ఏళ్ల సాధన తారుమారైంది. మరి జగిత్యాలలోనో, కోరుట్లలోనో, సిరిసిల్లలోనో పిల్లల ముచ్చట తీర్చడానికి అప్పో సప్పో చేసి సెకండ్‌హ్యాండ్ రైఫిల్ కొనే తల్లిదండ్రుల సంగతేమిటి? కొన్న తర్వాత తేడా వస్తే చూపించుకోవడానికి నూటయాభై, రెండు వందల కిలోమీటర్లు ప్రయాణించి హైదరాబాద్ వెళ్లాలి. అందుకే ఇక్కడి వారికి కొనకముందు చేసే పరీక్షే అసలైన గ్యారంటీ.

ఈ ప్రాంతంలో తుపాకీ పేరెత్తితే పెద్దవాళ్లకు ఇంకో చరిత్ర గుర్తొస్తుంది. 1978 సెప్టెంబరులో రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. మరుసటి నెలలోనే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు ఇక్కడి ఊళ్లకు తుపాకీ అంటే భయం. ఇప్పటి పిల్లలకు రైఫిల్ పరిచయమవుతున్న దారి వేరు. ఎన్‌సీసీ శిబిరంలో పాయింట్ 22 రైఫిల్‌తో బోర్లా పడుకుని కాల్చిన తొలి గుండు, టీవీలో చూసిన ఒలింపిక్ పతకం వాళ్లను ఈ ఆటవైపు లాగుతున్నాయి.

ఆ పతకాల్లో హైదరాబాద్ వాటా చిన్నదేమీ కాదు. ఆ నగరంలో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో 701.1 పాయింట్లతో కాంస్యం తెచ్చారు. హైదరాబాద్‌కే చెందిన ధనుష్ శ్రీకాంత్ 2022లో బ్రెజిల్‌లో జరిగిన బధిరుల ఒలింపిక్స్‌లో అదే విభాగంలో స్వర్ణం గెలిచారు.

అర మిల్లీమీటరు ఆట

ఈ ఆటలో లక్ష్యం పది మీటర్ల దూరంలో ఉంటుంది. దాని నడుమనున్న పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. సీసపు పెల్లెట్ వ్యాసం 4.5 మిల్లీమీటర్లు. అంటే చుక్క కంటే గుండే తొమ్మిది రెట్లు పెద్దది. ఇంత సన్నని లెక్క ఉన్నచోట గొట్టం చివర గోటి మొనంత నొక్కు పడినా, ఒక రబ్బరు సీల్ అరిగినా స్కోరు పడిపోతుంది. తప్పు తనదేననుకుని ఆ పిల్లవాడు నెలల తరబడి కుమిలిపోతాడు.

సిరిసిల్లలో పాత మరమగ్గం కొనేవారు దానికి వేసిన రంగు చూసి డబ్బు లెక్కపెట్టరు. మగ్గాన్ని నడిపించి, చప్పుడు విని, నాలుగు మూరల బట్ట దిగాక గానీ బేరం తెగదు. రైఫిల్‌నూ అలాగే చూడాలి. మెరిసే పిడి (స్టాక్), జర్మన్ కంపెనీ పేరు, అందమైన పెట్టె చూసి మోసపోతే పైన పటారం, లోన లొటారమే మిగులుతుంది.

గొట్టం మొదలు, సిలిండర్ దాకా

దేన్ని ముట్టుకునే ముందైనా ఒక నియమం ఉంది. రైఫిల్ ఖాళీగా ఉందని అమ్మేవారు చెప్పినా నమ్మకూడదు. గొట్టంలో పెల్లెట్ పెట్టే వెనక భాగాన్ని, అంటే బ్రీచ్‌ను, తెరిచి కంటితో చూడాలి. మూతి ఎప్పుడూ మనుషులు లేని దిక్కుకే ఉండాలి. కాల్చడానికి సిద్ధమయ్యేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు.

మొదట గొట్టం. ఎయిర్ రైఫిల్ గొట్టం మామూలు వాడకంలో అంత తేలిగ్గా అరగదు. పెల్లెట్ మెత్తని సీసం, దాని వేగమూ తక్కువే. గొట్టాన్ని పాడుచేసేవి రెండు: తుప్పు, మొరటుగా ఇనుప చువ్వతో చేసిన శుభ్రత. బ్రీచ్ వైపు నుంచి చిన్న టార్చి వేసి, మూతి వైపు నుంచి వాలుగా చూస్తే లోపలి గాడులు మెలి తిరుగుతూ శుభ్రంగా కనబడాలి. నల్లని మచ్చలు, గరుకుదనం కనిపిస్తే తుప్పు పట్టిందన్నమాట. ఆ తర్వాత మూతి అంచును భూతద్దంతో పరీక్షించాలి. దీన్ని క్రౌన్ అంటారు. పెల్లెట్ బయటపడే ఆఖరి క్షణంలో గాలి దాని చుట్టూ అన్ని వైపులా సమంగా విడుదల కావాలి. అంచు ఒకచోట నొక్కుకుపోతే గాలి ముందుగా అటువైపు నుంచి తన్ని పెల్లెట్‌ను పక్కకు నెడుతుంది. క్రౌన్‌ను నిపుణుడైన గన్‌స్మిత్ సరిచేయగలడు. లోపల తుప్పు తిన్న గొట్టాన్ని మాత్రం మార్చాల్సిందే.

రెండోది గాలి సిలిండర్. పోటీ రైఫిళ్లలో చాలావాటికి గొట్టం కింద ఉండే ఈ సిలిండర్‌లో 200 బార్ ఒత్తిడితో గాలి నింపుతారు. అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి సుమారు 200 రెట్లు. సిలిండర్ మీద తయారైన తేదీ చెక్కి ఉంటుంది. జర్మన్ తయారీదారులు అల్యూమినియం సిలిండర్లకు సాధారణంగా పదేళ్ల గడువు పెడతారు. గడువు దాటని సిలిండర్ వాడటం క్రీడాకారుడి బాధ్యతేనని అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నిబంధన స్పష్టంగా చెబుతోంది. పోటీలో పరికరాల తనిఖీ దగ్గర దీన్ని చూడొచ్చు. సెకండ్‌హ్యాండ్ బేరాల్లో చాలామంది చూడకుండా వదిలేసేది ఈ తేదీనే. ఎనిమిదేళ్ల సిలిండర్ ఉన్న రైఫిల్ చవకగా వస్తోందంటే, రెండేళ్లలో కొత్త సిలిండర్‌కు పెట్టబోయే ఖర్చును ఆ ధరలో కలిపి చూడాలి.

సిలిండర్ నింపి, మీటర్ సూచించే అంకె రాసి పెట్టుకుని ఒక రాత్రి వదిలేయాలి. తెల్లారి ముల్లు దిగి ఉంటే ఎక్కడో గాలి కారుతోంది. నింపేది పొడి గాలి మాత్రమే కావాలి. దగ్గర్లో గాలి నింపే సౌకర్యం లేదని వెల్డింగ్ షాపు ఆక్సిజనో, ఆస్పత్రి ఆక్సిజనో ఎక్కించే ప్రయత్నం ఎంత మాత్రం చేయకూడదు. అధిక ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కు కొంచెం గ్రీజు తగిలినా సిలిండర్ పేలిపోవచ్చు.

మూడోది రెగ్యులేటర్. సిలిండర్‌లోని ఒత్తిడిని తగ్గించి, ప్రతి గుండుకూ ఒకే మోతాదు గాలి అందించే భాగమిది. దీని పనితీరు కంటికి కనబడదు. క్రోనోగ్రాఫ్ అనే వేగమాపకం పెట్టి కాల్చి చూడాలి. పోటీ రైఫిల్ నుంచి పెల్లెట్ సెకనుకు సుమారు 170 మీటర్ల వేగంతో వెళుతుంది. వరసగా పది గుండ్లు కాల్చినప్పుడు అన్నిటికంటే ఎక్కువ వేగానికీ, తక్కువ వేగానికీ మధ్య తేడా మూడు నాలుగు మీటర్లు దాటితే రెగ్యులేటర్‌నూ సీళ్లనూ అనుమానించాలి. ఆ తర్వాత పావుగంట ఆగి మరో గుండు కాల్చాలి. ఆ ఒక్కటీ మిగతావాటికి దూరంగా ఉంటే, ఆగిన సమయంలో రెగ్యులేటర్ నుంచి గాలి కొద్దికొద్దిగా కారుతోందని అర్థం.

సిలిండర్ లేకుండా గొట్టాన్ని వంచి స్ప్రింగ్ ఎక్కించే రైఫిళ్లతో నేర్చుకునేవారే మన ఊళ్లలో ఎక్కువ. వాటికి ఇంకో రెండు పరీక్షలున్నాయి. గొట్టాన్ని మూసి మూతి దగ్గర పట్టుకుని అటూ ఇటూ కదిపితే కీలు దగ్గర ఊగకూడదు. పెల్లెట్ పెట్టి, గురిపెట్టిన దిక్కు సురక్షితమని చూసుకుని, బ్రీచ్ కీలు మీద పలుచని టిష్యూ కాగితం ముక్క పరిచి కాల్చాలి. కాగితం ఎగిరిపడితే సీల్ దగ్గర గాలి తప్పించుకుంటోంది. సీల్ మార్చడం చిన్న ఖర్చే. కీలు వదులైతే మాత్రం ఆ రైఫిల్ జోలికి పోకపోవడమే మంచిది.

గురికి ఆధారం సైట్లు

2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఫైనల్‌కు ముందు అభినవ్ బింద్రా కాల్చిన పరీక్ష గుండు పదికి చేరువలో పడాల్సింది పోయి నాలుగు పాయింట్ల వలయంలో పడింది. తన సైట్లు కదిలి ఉన్నాయని ఆయన అర్థం చేసుకున్నారు. ఉన్న కొద్ది సమయంలోనే వాటిని సరిచేసుకుని, 700.5 పాయింట్లతో భారత్‌కు తొలి వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణం అందించారు. ఎవరో కావాలనే కదిపి ఉంటారన్న అనుమానాన్ని తర్వాత ఆయనే బయటపెట్టారు.

సైటు పనితనాన్ని కొనే ముందే తేల్చుకోవచ్చు. ఐదు గుండ్లు కాల్చి కాగితం మీద గుంపు ఎక్కడ పడిందో గుర్తు పెట్టుకోవాలి. వెనక సైటు మరను కుడికి పది క్లిక్కులు తిప్పి మరో ఐదు కాల్చాలి. మళ్లీ ఎడమకు పది క్లిక్కులు తిప్పి ఇంకో ఐదు కాల్చాలి. మొదటి గుంపూ మూడో గుంపూ ఒకేచోట పడితే సైటు నమ్మదగినదే. పడకపోతే లోపల మరలు అరిగాయి.

ట్రిగ్గర్‌ను కూడా వేలితోనే పరీక్షించాలి. పోటీ రైఫిళ్లలో ట్రిగ్గర్ రెండు అంచెల్లో నడుస్తుంది. మొదటి అంచె తేలిగ్గా జరిగి ఒకచోట ఆగుతుంది, రెండోది గాజు విరిగినట్టు తెగాలి. ఆ ఆగే చోటు ప్రతిసారీ ఒకేలా ఉందా, ఒక్కోసారి ఒక్కోలా జారుతోందా అన్నది ఇరవై ముప్పై సార్లు నొక్కి చూడాలి. పోటీ రైఫిల్‌లో గుండు లేకుండా ట్రిగ్గర్ సాధన చేసే ఏర్పాటు ఉంటుంది కాబట్టి ఇందుకు పెల్లెట్ అక్కర్లేదు. బ్రీచ్‌ను గట్టిగా మూసినప్పుడు, వేలు తగలకుండానే ట్రిగ్గర్ తెగితే ఆ రైఫిల్ ప్రమాదకరం.

స్టాక్ విషయానికొస్తే, కొలత కుదరడం ముఖ్యం. పద్నాలుగేళ్ల అమ్మాయి రెండేళ్లలో ఎదుగుతుంది కాబట్టి చెంప ఆన్చే భాగాన్నీ, భుజానికి ఆనే ప్లేటునూ ముందుకూ వెనక్కూ, పైకీ కిందికీ జరుపుకునే వీలుండాలి. ఎడమచేతి వాటం పిల్లలకు కుడిచేతి స్టాక్ కొంటే శరీర భంగిమే చెడిపోతుంది. అదనపు బరువులూ, గొట్టాలూ తగిలించి ఉంటే తూచి చూడాలి. నిబంధన ప్రకారం రైఫిల్ మొత్తం బరువు 5.5 కిలోలు దాటకూడదు.

కాగితం చెప్పే తీర్పు

ఇన్ని పరీక్షల తర్వాత కూడా చివరి మాట కాగితానిదే. రైఫిల్‌ను బల్ల మీద ఇసుక సంచుల మధ్య స్థిరంగా ఆనించి పది మీటర్ల నుంచి పది గుండ్లు కాల్చాలి. మంచి పోటీ రైఫిల్ పది గుండ్లనూ ఒకదాని మీద ఒకటి వేసి, ఒకే రంధ్రం మిగులుస్తుంది. గుండ్లు చెల్లాచెదురైతే వెంటనే రైఫిల్‌ను తప్పుపట్టకూడదు. పెల్లెట్ల తల కొలత 4.49, 4.50, 4.51 మిల్లీమీటర్లుగా వేర్వేరు డబ్బాల్లో దొరుకుతుంది. ఒక్కో గొట్టానికి ఒక్కో కొలత నప్పుతుంది. రెండు మూడు రకాలు కాల్చాక కూడా గుంపు కుదరకపోతే అప్పుడు బేరం వదులుకోవచ్చు.

చట్టం సంగతీ తెలిసి ఉండాలి. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 20 జౌళ్ల శక్తికి, 4.5 మిల్లీమీటర్ల బోరుకు మించని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. పోటీ రైఫిల్ శక్తి ఎనిమిది జౌళ్ల లోపే. అయినా బిల్లు, సీరియల్ నంబరు రాసిన కాగితం తప్పనిసరిగా తీసుకోవాలి. మక్కచేల మీద పడే అడవి పందుల కోసమో, పిట్టల కోసమో దీన్ని వాడాలన్న ఆలోచన మాత్రం వద్దు. వన్యప్రాణులను అనుమతి లేకుండా కొట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.

మందుగుండుతో పేలే రైఫిల్ కథ వేరు. దానికి 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఉండాల్సిందే. లైసెన్సు గడువు 2019 సవరణతో ఐదేళ్లయింది. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ తయారుచేసే పాయింట్ 315 స్పోర్టింగ్ రైఫిల్ మన దేశంలో లైసెన్సుదారుల దగ్గర బాగా కనబడుతుంది. అలాంటిది పాతది కొనేవారు గొట్టం మీద ప్రూఫ్ ముద్ర ఉందా, సీరియల్ నంబరు కాగితాలతో సరిపోతోందా అని చూడాలి. అసలు కంటే ఎక్కువ ఒత్తిడి పుట్టించే తూటాతో ఆ గొట్టాన్ని పరీక్షించి చూశారనడానికి ప్రూఫ్ ముద్రే నిదర్శనం. అది లేని నాటు తుపాకీ కాల్చినవాడి చేతిలోనే పగలొచ్చు.

కొనబోయే తల్లిదండ్రులు చేయాల్సిన పని ఒకటుంది. డబ్బు చేతులు మారకముందే అనుభవమున్న కోచ్‌నో, లైసెన్సున్న గన్‌స్మిత్‌నో వెంటబెట్టుకుని, రేంజ్‌లో ఒక పూట గడిపి ఈ పరీక్షలన్నీ చేయించండి. కాల్చిన కాగితాల మీద తేదీ, పెల్లెట్ రకం రాసి దాచుకోండి. పరీక్షకు ఒప్పుకోని అమ్మకందారు ఎంత తగ్గించి ఇస్తానన్నా ఆ రైఫిల్ కొనకండి.