తెల్ల చారల నల్ల కుక్క

మన సంఘాల్లో సాక్ష్యాలు చాలావరకు ఒకే వరుసలో సాగుతాయి. ఒకప్పుడు పాపం, ఇప్పుడు రక్షణ. నడుమ సాగే పోరాటం వినపడదు. అమెరికా గాయకుడు జానీ క్యాష్ 1994లో వెలువరించిన 'అమెరికన్ రికార్డింగ్స్' ఆల్బమ్‌లో ఆ పోరాటమే వినిపిస్తుంది.

అప్పటికి ఆయనకు 62 ఏళ్లు. ఆర్కాన్సా పత్తిచేలలో పెరిగాడు, పేరు సంపాదించాడు, మత్తుమాత్రలకు బానిసయ్యాడు, దేవునివైపు తిరిగాడు. 1986లో అపొస్తలుడైన పౌలు మీద ఒక నవల వెలువరించాడు. అదే ఏడాది కొలంబియా రికార్డు సంస్థ ఆయనను వదులుకుంది. ఆయన పని అయిపోయిందని చాలామంది అనుకున్నారు. తర్వాత నిర్మాత రిక్ రూబిన్ వాద్యబృందాన్ని పక్కనపెట్టి, ఒక్క గిటారుతో ఆయన చేత పాడించాడు. కంట్రీ, బ్లూస్, జానపద కథలు కలిసిన 13 పాటలవి. వయసు మీదపడిన ఆ గొంతు ఉన్నదున్నట్టు వినిపిస్తుంది.

మొదటి పాటే హత్య కథ. 1900లో క్రిస్మస్ వేళ జార్జియా రాష్ట్రంలోని సవానాలో డీలియా గ్రీన్ అనే 14 ఏళ్ల అమ్మాయి తుపాకీ గుండుకు బలైంది. ఆ ఘటన మీద పుట్టిన పాత పాటను క్యాష్ హంతకుడి నోట, 'నేను' అంటూ పాడాడు. క్రీస్తు రక్తాన్ని గురించి తానే రాసిన 'రిడెంప్షన్', అంటే విమోచన, అనే పాటా అందులోనే ఉంది.

విశ్వాసి పాడవలసిన పాటేనా అని కొందరు నొచ్చుకోవచ్చు. చనిపోయింది నిజమైన అమ్మాయి కనుక ఆ బాధ న్యాయమైనదే. అయితే దావీదు చేయించిన హత్యను బైబిలు దాచలేదు. మనం కన్నీటితో చదివే 51వ కీర్తనకు ఆ పాపమే నేపథ్యమని దాని శీర్షికే చెబుతోంది. గాయం లోతు తెలిసినవారికే కృప విలువ తెలుస్తుంది.

ఆల్బమ్ అట్టమీద క్యాష్‌తో పాటు రెండు కుక్కలుంటాయి. తెల్ల చార ఉన్న నల్ల కుక్క పేరు పాపం, నల్ల చార ఉన్న తెల్ల కుక్క పేరు విమోచన అని ఆయనే చెప్పాడు. విశ్వాసి ఏకకాలంలో నీతిమంతుడూ పాపీ అని లూథర్ బోధించాడు. రోమా పత్రిక 7వ అధ్యాయంలో పౌలు చెప్పుకున్న పోరాటమూ ఇలాంటిదే.

తాగుడు మానలేక సిగ్గుతో చివరి బెంచీలో కూర్చునే సహోదరుడు మన సంఘంలోనూ ఉంటాడు. గెలుపు కబుర్లే వింటే తనకిక్కడ చోటు లేదనుకుని లేచి వెళ్తాడు. మన పోరాటాన్నీ, మనల్ని విడువని ప్రభువునూ కలిపి చెబుదాం. ఆ సహోదరుడు ఆరాధన ముగిసేదాకా కూర్చుంటాడు.