మీకు తెలుసా? ‘ది ప్యాషన్ ఆఫ్ ద క్రైస్ట్’: అదే నెత్తురు, రెండు రకాల చూపు

మెల్ గిబ్సన్ తీసిన ఈ సినిమా 2004 ఫిబ్రవరి 25న, విభూది బుధవారం నాడు అమెరికాలో విడుదలైంది. సువార్తల్లో ఒక్క ముక్కలో ముగిసే, యేసు తిన్న కొరడా దెబ్బలు తెరమీద నిమిషాల తరబడి సాగుతాయి. కొరడా కొసనున్న కొక్కేలు ఒంట్లో దిగబడి కండను పెరికేస్తాయి. తాను చూసినవాటిలో ఇంత హింస ఉన్న సినిమా ఇంకోటి లేదన్న విమర్శకుడు రోజర్ ఎబర్టే దీనికి నాలుక్కి నాలుగు నక్షత్రాలిచ్చాడు. యేసు చావుకు యూదులే కారణమన్న పాత నింద మళ్లీ రేగుతుందని యూదు సంఘాలు కలవరపడ్డాయి. చరిత్ర తెలిసినవారికి ఆ భయం సబబుగానే తోస్తుంది.

అయితే జనం నెత్తురు కోసమే ఈ సినిమాకు ఎగబడ్డారనే మాట నిలవదు. ఎన్నో చర్చిలు హాళ్లకు హాళ్లే బుక్ చేసుకుని విశ్వాసులను తీసుకెళ్లాయి. వాళ్లకు ఆ బాధ ఎంత ఘోరమైతే తమకోసం జరిగిన త్యాగం అంత గొప్పది. ఆ నమ్మకం లేనివారికి మిగిలేది చిత్రహింసే. మరి 2005లో ఐదారు నిమిషాల హింస తీసేసి మళ్లీ విడుదల చేస్తే ఎందుకు ఆడలేదని అడగవచ్చు. అప్పటికే డీవీడీ ఇళ్లకు చేరింది కాబట్టి, ఆ ఒక్క వైఫల్యంతో ప్రేక్షకులను రక్తపిపాసులనడం అన్యాయం.