సీఈ గుర్తు వెనక అసలు లెక్క: మీ గ్యాడ్జెట్‌కి ఏ స్టాండర్డ్ వర్తిస్తుంది?

నిడదవోలులో షాపుకెళ్లి ఛార్జర్ కొన్నా, ఆన్‌లైన్‌లో ఇయర్‌బడ్స్ తెప్పించుకున్నా, వెనక చిన్న అక్షరాల్లో సీఈ గుర్తు కనిపిస్తుంది. యూరప్ వాళ్లు టెస్ట్ చేసి వేసిన ముద్ర అని కొందరు, 'చైనా ఎక్స్‌పోర్ట్' అని కొందరు అంటుంటారు. రెండూ తప్పే. చైనా ఎక్స్‌పోర్ట్ పేరుతో అధికారిక గుర్తే లేదు. చాలా గ్యాడ్జెట్‌లకి సీఈ గుర్తు వేసుకునేది తయారీదారే. యూరప్ చట్టాలు పాటించాం, బాధ్యత మాదే అని కంపెనీ ఇచ్చే మాట అది. మరి ఆ మాట దేని ఆధారంగా ఇస్తారు?

ముందు చట్టం, తర్వాతే స్టాండర్డ్

నిడదవోలు కుర్రాళ్లు కొందరు ఒక బ్లూటూత్ స్పీకర్ తయారు చేసి జర్మనీలో అమ్మాలనుకున్నారనుకుందాం. మొదటి ప్రశ్న ఒక్కటే: లోపల రేడియో ఉందా?

ఉంటే రేడియో ఎక్విప్‌మెంట్ డైరెక్టివ్ (2014/53/ఈయూ) వర్తిస్తుంది. భద్రత, ఈఎంసీ కూడా అందులోనే ఉంటాయి. 5 వోల్టులదే కదా అని తప్పించుకోవడానికి లేదు, ఇందులో వోల్టేజ్‌కి కింది పరిమితి లేదు.

రేడియో లేని మామూలు ఛార్జర్ అయితే దారి వేరు: లో వోల్టేజ్ డైరెక్టివ్, ఈఎంసీ డైరెక్టివ్. సీసం లాంటి హానికర పదార్థాలపై ఆర్‌ఓహెచ్‌ఎస్ నిబంధన రెండింటికీ ఉంటుంది.

మన స్పీకర్‌కి చూడాల్సినవి

- బ్లూటూత్ (2.4 గిగాహెర్ట్జ్): ఈఎన్ 300 328
- ఈఎంసీ: ఈఎన్ 301 489-1, 301 489-17
- భద్రత: ఈఎన్ 62368-1
- ఆర్‌ఓహెచ్‌ఎస్ పత్రాలు: ఈఎన్ ఐఈసీ 63000
- ఛార్జింగ్ పోర్ట్: 2024 డిసెంబర్ 28 నుంచి యూఎస్‌బీ-సీ తప్పనిసరి

5 గిగాహెర్ట్జ్ వైఫై కూడా పెడితే ఈఎన్ 301 893 వచ్చి చేరుతుంది. అంటే ఒక్క ఫీచర్ కలిపినా లిస్ట్ మారిపోతుంది.

చాలామంది బోల్తాపడేది ఇక్కడే

స్టాండర్డ్ నంబర్ సరిపోతే చాలదు, ఎడిషన్ కూడా సరిపోవాలి. ఆ ఎడిషన్ వివరం ఈయూ అఫీషియల్ జర్నల్‌లో అచ్చయితేనే అది 'హార్మనైజ్డ్' స్టాండర్డ్. అప్పుడే దాన్ని పాటించిన వస్తువు చట్టాన్ని పాటించినట్టుగా భావిస్తారు. మార్కెట్‌లోకి కొత్త ఎడిషన్ వచ్చినంత మాత్రాన జర్నల్‌లోకి వచ్చినట్టు కాదు. రేడియో స్పెక్ట్రమ్ విషయంలో హార్మనైజ్డ్ స్టాండర్డ్ పూర్తిగా పాటించకపోతే సొంత డిక్లరేషన్ చెల్లదు, నోటిఫైడ్ బాడీ దగ్గరికి వెళ్లాల్సిందే. అంటే ఖర్చు, ఆలస్యం రెండూ.

2025 ఆగస్టు 1 నుంచి సైబర్ సెక్యూరిటీ కూడా తోడైంది. ఇంటర్నెట్‌కి కనెక్ట్ అయ్యే రేడియో పరికరాలకి ఈఎన్ 18031 సిరీస్ ఉంది. అందులోనూ ఓ మెలిక: యూజర్ పాస్‌వర్డ్ పెట్టకుండానే వాడుకునే వీలు ఇస్తే, ఆ స్టాండర్డ్ ఒక్కటే సరిపోదు.

మరి మనకేంటి?

వస్తువు ఎక్కడ తయారైందన్నది కాదు, ఎక్కడ అమ్ముతున్నారన్నదే లెక్క. 2015లో శ్రీసిటీలో తయారై విశాఖలో లాంచ్ అయిన రెడ్‌మీ 2 ప్రైమ్ మన మార్కెట్ కోసం వచ్చింది కాబట్టి దానికి కావాల్సింది ఇక్కడి అనుమతులే. అదే ఫోన్‌ని యూరప్‌లో అమ్మాలంటే సీఈ కావాలి. ఎస్‌ఏఆర్ లెక్క కూడా వేరు: మన దగ్గర పరిమితి 1 గ్రాము కణజాలంపై కిలోకి 1.6 వాట్లు, యూరప్‌లో తలకి 10 గ్రాములపై 2 వాట్లు. అందుకే రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి పోల్చకండి.

కాబట్టి ఛార్జర్ కొనేటప్పుడు సీఈ చూసి సంబరపడకండి. మన దేశంలో చట్టపరంగా చూడాల్సింది బీఐఎస్ గుర్తు, దాని కింద 'ఆర్'తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబర్ కొట్టండి, అది ఏ కంపెనీదో తెలిసిపోతుంది. డబ్బా మీద ఒక పేరు, యాప్‌లో ఇంకో పేరు వచ్చిందా? ఆ ఛార్జర్‌ని షాపులోనే వదిలేయండి.