వ్యాసం చిరునామా: యూనివర్సిటీ లైబ్రరీలో పాత జర్నల్స్ వెతకడం

ఇంట్లో మొదటి తరంగా యూనివర్సిటీ గడప తొక్కిన విద్యార్థులకు లైబ్రరీలో పుస్తకం వెతకడం త్వరగానే అలవాటవుతుంది. చిక్కంతా జర్నల్ వ్యాసం దగ్గరే వస్తుంది. కంప్యూటర్లో వ్యాసం పేరు కొడితే రాదు, రచయిత పేరు కొట్టినా రాదు. కౌంటర్లో అడిగితే "లేదు" అంటారు. ఆ మాటతో వెనక్కి వచ్చేస్తారు. వ్యాసం మాత్రం పై అంతస్తులో, బైండు వాల్యూముల మధ్య దుమ్ము పట్టి అట్లాగే ఉంటుంది.

చదువుకున్న కుటుంబాల పిల్లలకు ఈ దారి ఇంట్లోనో, సీనియర్ల ద్వారానో ముందే తెలుస్తుంది. మనవాళ్లకు చెప్పేవాళ్లుండరు. పైగా తెలియకపోవడాన్ని తెలివి లేకపోవడంగా లెక్కగట్టడం మన విద్యాసంస్థల్లో పాత అలవాటు. అందుకని ఈ దారిని విడమర్చి రాసుకోవడం అవసరం.

కేటలాగులో ఏముంటుంది?

మూలసూత్రం ఒక్కటే. లైబ్రరీ కేటలాగులో ఉండేది జర్నల్ పేరు. అందులో అచ్చయిన వ్యాసాల పేర్లు సాధారణంగా ఉండవు. కాబట్టి వెతకాల్సింది జర్నల్ పేరునే. దాని కింద లైబ్రరీ దగ్గర ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా ఉన్నాయో రాసి ఉంటుంది. "1975–1988, 1991–" అని ఉందనుకోండి. మధ్యలో 1989, 1990 సంపుటాలు లేవనీ, చివరి గీత తర్వాత ఏమీ లేదు కాబట్టి పత్రిక ఇంకా వస్తోందనీ అర్థం.

కొత్త సంచికలు విడిగా, చదువుకునే గదిలో అరల మీద ఉంటాయి. ఏడాది సంచికలు పూర్తయ్యాక వాటిని కలిపి బైండు చేస్తారు. అట్ట వీపు మీద పేరు, సంపుటి, సంవత్సరం వేసి బ్యాక్ వాల్యూముల విభాగంలో పెడతారు. కొన్ని లైబ్రరీల్లో పేర్ల అక్షరక్రమంలో, కొన్నింట్లో సబ్జెక్టు వారీగా పేరుస్తారు. ఏ పద్ధతో ముందే అడిగి తెలుసుకుంటే సగం పని అయిపోయినట్లే.

రిఫరెన్సు చదవడం

ఫుట్‌నోటులో ప్రచురణకర్త పేరు, ఊరు ఉంటే అది పుస్తకం. సంపుటి, సంచిక, పేజీల అంకెలు ఉంటే అది జర్నల్ వ్యాసం. ఆ అంకెలే వ్యాసం చిరునామా.

చుండూరు మీద కె. బాలగోపాల్ ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాసిన ఒక వ్యాసం 26వ సంపుటి, 42వ సంచిక, 1991 అక్టోబర్ 19 నాటిది. దాని పేజీ అంకె రెండు వేలు దాటి ఉంటుంది. వారపత్రికకు అన్ని పేజీలేమిటని కంగారు పడనక్కర్లేదు. అప్పట్లో జనవరి నుంచి డిసెంబర్ దాకా పేజీల అంకెలు ఒకే వరసలో సాగేవి. అందువల్ల సంచిక అంకె పోయినా సంవత్సరం, పేజీ తెలిస్తే చాలు, బైండు వాల్యూములో వ్యాసం దొరుకుతుంది.

పత్రికల పేర్లు మారతాయన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి. ఇదే పత్రిక 1949 నుంచి 1965 దాకా ఎకనామిక్ వీక్లీ. 1966లో ఇప్పటి పేరుతో మళ్లీ ఒకటో సంపుటి నుంచి మొదలైంది. 1950లలో గ్రామాల మీద, కులం మీద వచ్చిన వ్యాసాల కోసం కొత్త పేరు కింద వెతికితే ఏమీ కనిపించదు. పాత పేరుకు కేటలాగులో వేరే కార్డు, వేరే ఎంట్రీ ఉంటాయి.

అంకె తప్పయితే?

1916 మే 9న కొలంబియా యూనివర్సిటీలో, గోల్డెన్‌వైజర్ మానవశాస్త్ర సెమినార్లో అంబేడ్కర్ చదివిన పత్రం "కాస్ట్స్ ఇన్ ఇండియా". ఇది 1917 మేలో ఇండియన్ యాంటిక్వరీ అనే మాసపత్రికలో అచ్చయింది. చాలాచోట్ల దీని రిఫరెన్సు "41వ సంపుటి, మే 1917" అని కనిపిస్తుంది. అరలో 41వ సంపుటి తీసి చూడండి, వీపు మీద 1912 అని ఉంటుంది. ఆ పత్రిక 1872లో మొదలైంది, ఏడాదికొక సంపుటి. లెక్క వేస్తే 1917కి 46వ సంపుటి వస్తుంది. అందులో మే సంచిక తిరగేస్తే వ్యాసం దొరుకుతుంది.

మన ఆలోచనకు పునాది లాంటి రచనకే తప్పు చిరునామా పుస్తకం నుంచి పుస్తకానికి నడిచొచ్చింది. ఎవరో రాసింది చూసి మనం రాస్తే, మనల్ని చూసి ఇంకొకరు రాస్తారు. మన వాదన తప్పని నిరూపించలేనివాళ్లు మన ఫుట్‌నోట్లలో తప్పులు పట్టుకుంటారు. అసలు పేజీ కళ్లతో చూడాలనేది అందుకే. సంపుటి, సంవత్సరం పొసగకపోతే ముందు సంవత్సరాన్ని పట్టుకుని వెతకండి.

"లేదు" అంటే?

ఈ ఒక్క మాటకు చాలా అర్థాలున్నాయి. ఆ జర్నల్ అసలు తెప్పించరా? తెప్పిస్తారు గానీ ఆ సంపుటి లేదా? బైండింగుకు వెళ్లిందా? డిపార్ట్‌మెంటు లైబ్రరీలో ఉందా? జర్నల్ పేరు, సంపుటి, సంవత్సరం కాగితం మీద రాసి పట్టుకెళ్లి ఈ ప్రశ్నలు విడివిడిగా అడగాలి. జవాబు చెప్పడం వాళ్ల పని, అడగడం మన హక్కు. నిజంగానే లేకపోతే ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి ఇండ్‌క్యాట్‌లో ఏ యూనివర్సిటీలో ఉందో చూడొచ్చు. డెల్‌నెట్‌లో సభ్యత్వమున్న లైబ్రరీ ద్వారా వ్యాసం నకలు తెప్పించమని కోరవచ్చు. ఇండియన్ యాంటిక్వరీ స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో, వీక్లీ పాత సంచికలు జేస్టోర్‌లో ఉన్నాయి. అక్కడ వెతకడానికి కూడా చిరునామా సరిగ్గా ఉంటేనే పని తేలిక. నకలు తీసుకున్నప్పుడు మొదటి పేజీ మీదే పత్రిక పేరు, సంపుటి, నెల, సంవత్సరం రాసిపెట్టుకోండి. లేకపోతే ఆర్నెల్ల తర్వాత అది ఊరూ పేరూ లేని కాగితం.

కేటలాగుకెక్కని మన పత్రికలు

ఇదంతా లైబ్రరీ కొన్న జర్నల్స్ సంగతి. కారంచేడు, చుండూరు తర్వాత మనవాళ్లు మనకోసం నడిపిన పత్రికల మాటేమిటి? నలుపు లాంటి తెలుగు పత్రికలు గానీ, బెంగుళూరు నుంచి వచ్చిన దళిత వాయిస్ గానీ ఎన్ని యూనివర్సిటీ లైబ్రరీల్లో బైండు చేసి ఉన్నాయి? సంచికలు సమయానికి రావనీ, సంపుటి అంకెలు సరిగా ఉండవనీ సాకులు చెబుతారు. ఇవాళ కేటలాగులో లేనిది రేపటి పరిశోధకుడికి జరగనట్టే లెక్క.

హైదరాబాదు సుందరయ్య విజ్ఞాన కేంద్రం లాంటి చోట్ల పాత తెలుగు పత్రికలు చూడొచ్చు. మిగతావి కార్యకర్తల ఇళ్లల్లో, ట్రంకు పెట్టెల్లో ఉన్నాయి. ఎలుకలూ, చెదలూ, అద్దె ఇళ్ల మార్పులూ వాటిని తినేస్తున్నాయి. మీ దగ్గరున్న సంచికల జాబితా రాయండి: పేరు, నెల, సంవత్సరం, సంపాదకుడు, అచ్చయిన ఊరు. మీకు దగ్గర్లోని లైబ్రరీకి ఒక సెట్టు రాతపూర్వకంగా ఇచ్చి, కేటలాగులో ఎక్కించిందాకా వెంటపడండి. టీచర్లు మొదటి ఏడాది విద్యార్థులను ఒక పూట బ్యాక్ వాల్యూముల విభాగానికి తీసుకెళ్లి, ఒక్కొక్కరి చేత ఒక్కో వ్యాసం వెతికించండి. ఒకసారి చేత్తో తీసి చూసినవాళ్లు ఆ తర్వాత కౌంటర్లో "లేదు" అన్నా "ఏది లేదు?" అని తిరిగి అడుగుతారు.