జీతం కాక వచ్చే రూపాయి లెక్క

పెండ్లిండ్ల నెలలు వచ్చాయంటే మణుగూరు, ఇల్లందు, కొత్తగూడెం చుట్టుపట్ల ఊళ్లలో షామియానాలకు, వంట గిన్నెలకు తీరిక ఉండదు. వాటిని అద్దెకిచ్చే ఇళ్లలో కొన్నింటి యజమాని పగలు బొగ్గు గనిలోనో, సారపాక కాగితపు మిల్లులోనో, బడిలోనో ఉద్యోగం చేస్తూ ఉంటాడు. మరికొందరి ఇంట రెండు గేదెలుంటాయి, లేదా ముందుగదిలో కిరాణా కొట్టు ఉంటుంది. పిల్లల కాలేజీ ఫీజులు, ఇంటి అప్పు, ముసలి తల్లిదండ్రుల మందులు ఒక్క జీతంతో గడవని రోజులివి. కష్టపడి నాలుగు రూపాయలు అదనంగా సంపాదించడంలో తప్పేమీ లేదు.

అయితే ఆ నాలుగు రూపాయల మీద పన్ను మాట ఎత్తితే మాత్రం, "జీతంలోనే పట్టుకుంటున్నారు కదా, ఇంకా దేనికి?" అంటాము. జీతంలో పట్టుకునేది జీతానికి సంబంధించిన పన్ను మాత్రమే. ఇంటి దగ్గర వచ్చే లాభం సంగతి ఆఫీసుకు తెలియదు. రెండింటినీ ఒకచోట కలిపి చూపవలసిన బాధ్యత మనదే.

భయపడేంత భారమా?

ఒక ఉదాహరణ చూద్దాం. గనిలో పనిచేసే ఒక సోదరునికి 2025-26 ఆర్థిక సంవత్సరంలో మొత్తం జీతం 9,60,000 రూపాయలు అనుకుందాం. కొత్త పన్ను విధానంలో ఉద్యోగికిచ్చే 75,000 తగ్గింపు పోగా 8,85,000 మిగులుతుంది. టెంట్ హౌస్ మీద ఆ ఏడు 3,00,000 వచ్చింది. అందులో 2,00,000 చేతికి, 1,00,000 ఫోన్ ద్వారా బ్యాంకుకు వచ్చాయి.

చిన్న వ్యాపారులకు చట్టం ఒక సులువైన దారి చూపింది. పాత చట్టంలో దీనిని 44ఏడీ సెక్షన్ అనేవారు. 2026 ఏప్రిల్ 1 నుండి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలులోకి వచ్చి సెక్షన్ నంబర్లు మారినా ఈ పద్ధతి కొనసాగుతోంది. ఏడాదికి 2 కోట్ల లోపు వ్యాపారమైతే, నగదుగా వచ్చిన దానిలో నూటికి 8, బ్యాంకు ద్వారా వచ్చిన దానిలో నూటికి 6 చొప్పున లాభంగా చూపవచ్చు. నిజమైన లాభం అంతకన్నా ఎక్కువైతే ఎక్కువే చూపాలి. ఇన్సూరెన్స్ ఏజెంట్ల కమీషన్‌కు మాత్రం ఈ దారి వర్తించదు. వారు రాబడిలోంచి ఖర్చులు తీసి అసలు లెక్క చూపుకోవాలి.

మన సోదరుని లాభం ఈ లెక్కన 16,000, 6,000 కలిపి 22,000. మొత్తం ఆదాయం 9,07,000. ఆ ఏడాదికి 12 లక్షల లోపు ఆదాయానికి రిబేటు ఉంది కనుక ఆయన కట్టవలసిన పన్ను సున్నా! ఇన్నాళ్లు దాచినది సున్నా కోసమేనన్న మాట. అయితే మొత్తం ఆదాయం 4 లక్షలు దాటింది గనుక, పన్ను లేకపోయినా రిటర్ను దాఖలు చేయాలి. జీతం మాత్రమే ఉన్నవారు వేసే 'సహజ్' ఫారం ఇక్కడ పనికిరాదు. ఈ సులువైన పద్ధతి వారికి 'సుగమ్' ఫారం ఉంది.

ఇప్పుడు రెండవ ఇల్లు చూడండి. జీతం 12,60,000. తగ్గింపు పోగా 11,85,000. పన్నేమీ లేదని ఆఫీసులో ఏమీ పట్టుకోలేదు. అదే 22,000 లాభం కలిపితే 12,07,000 అయింది, హద్దు దాటింది. శ్లాబుల ప్రకారం 61,050 పడవలసి ఉన్నా, హద్దు మీద కొంచెమే దాటిన వారికి దాటిన సొమ్ముకు మించి పన్ను వేయరు. కనుక 7,000, దానిపై నూటికి 4 సెస్సు 280, మొత్తం 7,280 కట్టాలి. తన జీతానికి పన్ను లేదని నిశ్చింతగా ఉండే ఉద్యోగి ఎక్కడ పొరబడతాడో ఇక్కడ తెలుస్తుంది.

జీతంలో పట్టుకున్నది పోగా కట్టవలసిన పన్ను 10,000 లేక అంతకు మించితే, ఈ సులువైన పద్ధతి వారు మార్చి 15 లోపల ముందస్తుగా కట్టాలి. లేకుంటే వడ్డీ పడుతుంది. తన ఇతర ఆదాయం సంగతి ఆఫీసుకు ముందే వ్రాసియిస్తే జీతంలోనే ఆ పన్ను పట్టించుకోవచ్చు.

మన ప్రాంతంలో వినబడే మాటలు

"ఏజెన్సీలో ఉన్నాం, గిరిజనులం, మాకు పన్ను లేదు" అనే మాట భద్రాచలం వైపు వినబడుతుంది. ఆదాయపు పన్నులో షెడ్యూల్డు తెగల వారికిచ్చిన మినహాయింపు ఈశాన్య రాష్ట్రాలలోని నిర్ణీత ప్రాంతాలకు, లడాఖ్‌కు సంబంధించినది. మన ఏజెన్సీ అందులో లేదు. కోయ ఉపాధ్యాయుడైనా, మైదానం నుండి వచ్చిన ఉపాధ్యాయుడైనా జీతం మీద పన్ను ఒకటే.

"వ్యవసాయానికి పన్ను లేదు, గేదెలు వ్యవసాయమే కదా" అంటారు. వరి, మిరప, పత్తి పండించిన రాబడికి పన్ను లేదు, నిజమే. పాల వ్యాపారం, కోళ్ల పెంపకం ఆ లెక్కలోకి రావు. సాగు చేయకుండా అడవిలో దానంతటదే పెరిగిన దాని రాబడి వ్యవసాయ ఆదాయం కాదని 1957లోనే సుప్రీంకోర్టు తేల్చింది. తునికాకు కట్టలు కట్టి బ్రతికే పేద కుటుంబం దీనికి భయపడనక్కరలేదు, వారి రాబడి పన్ను హద్దుకు ఎంతో దిగువనే ఉంటుంది. ఆలోచించుకోవలసినది మంచి జీతం తీసుకుంటూ అటవీ సరుకు వ్యాపారం చేసేవారు.

"భార్య పేరున పెట్టేస్తే సరి" అనే సలహా కూడా ఉంది. భర్త ఊరికే ఇచ్చిన డబ్బుతో భార్య పేరున వ్యాపారం పెడితే, ఆ డబ్బు వాటాకు వచ్చే లాభం భర్త ఆదాయంలోనే కలుస్తుంది. ఆమె తన సొంత పొదుపుతో, మహిళా సంఘం అప్పుతో తానే నడుపుకుంటే అది నిజంగా ఆమెదే. ఆ లాభం ఆమె లెక్కలోనే ఉంటుంది.

"ఎవరు చూస్తారు?" అనే మాటకు కాలం చెల్లింది. 2025 జూలైలో కర్ణాటకలో ఫోన్ ద్వారా పుచ్చుకున్న సొమ్ము చూసి చిన్న దుకాణదారులకు కూడా వాణిజ్య పన్నుల శాఖ నోటీసులు పంపింది. అది జీఎస్టీ సంగతి. తెలంగాణలో సాధారణంగా ఏడాదికి 20 లక్షల అమ్మకాలు దాటితే ఆ రిజిస్ట్రేషన్ కావాలి.

ముందు అనుమతి

ప్రభుత్వ ఉద్యోగులు మరొకటి మరువకూడదు. 1964 నాటి ప్రవర్తనా నియమాల ప్రకారం ముందుగా అనుమతి లేకుండా వ్యాపారం చేయరాదు. పన్ను కట్టినంత మాత్రాన ఆ అనుమతి వచ్చినట్టు కాదు. కంపెనీ ఉద్యోగులు కూడా తమ నియమాలు అడిగి తెలుసుకోవాలి.

శనివారం రాత్రి పుస్తకం

ఒక నోటు పుస్తకం కొనండి. తేదీ, వచ్చినది, ఖర్చయినది, నగదా ఫోనా అని నాలుగు గళ్లు గీయండి. వ్యాపారానికి వేరే బ్యాంకు ఖాతా పెట్టుకోండి. శనివారం రాత్రి భోజనాలయ్యాక భార్యాభర్తలిద్దరూ కూర్చుని ఆ వారం లెక్క వ్రాయండి. హైస్కూలు పిల్లల చేత కూడికలు వేయించండి. రేపు ఇంటి అప్పుకు బ్యాంకు మెట్లెక్కినప్పుడు రిటర్ను కాగితాలు అడుగుతారు. చెప్పని రాబడికి అక్కడ విలువ ఉండదు.

జక్కయ్య కథ ఆదివారపు బడిలో పిల్లలకు చెబుతాము. ఆయన మారాడన్న సంగతి లెక్క సరిచేసుకున్నప్పుడే ఊరికి తెలిసింది. మన పిల్లలు ఆ కథ విన్నంత శ్రద్ధగా మన మాటలు కూడా వింటారు. "ఆ డబ్బు సంగతి ఎవరికీ చెప్పకండి" అనే మాట వారి చెవిన పడకుండా ఉండాలంటే, నోటు పుస్తకం బల్లమీద తెరచి ఉంచడమే మేలు.