ఒకే నాడు పోసిన నారు

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే పాఠకుడొకరు అడిగారు: "చెక్క అతికించే తెల్ల జిగురు డబ్బాలో పాలలా ఉంటుంది, ఆరితే గాజులా అయిపోతుంది. ఆ తెలుపు ఎక్కడికి పోతుందండీ?"

అసలు జిగురులో తెల్లరంగు ఉంటే కదా పోవడానికి! నీళ్లలో తేలే, కంటికి ఆనని ప్లాస్టిక్ గింజలు వెలుతురును నలుదిక్కులా చెదరగొడతాయి. అదే తెలుపు. నీరు ఇగిరాక గింజలు ఒకదాంట్లో ఒకటి కలిసి పొర కడతాయి, చెదరగొట్టే అంచులు మిగలవు. జవాబు ఇంతే. కానీ ఆ గింజల పుట్టుక చెప్పకుండా ఈ పేజీ వదలడం నా వల్ల కాదు.

నీళ్లు, సబ్బు, స్టైరీన్ అనే ద్రవం, చిటికెడు పొటాషియం పర్‌సల్ఫేట్. వేడిచేసి తిప్పుతారు. దీని పేరు ఎమల్షన్ పాలిమరైజేషన్. (జిగురు చేసేది స్టైరీన్‌తో కాదు, వినైల్ అసిటేట్‌తో. అది కాస్త నీళ్లలో కరిగే రకం, నేను చెప్పబోయే లెక్కకు లొంగదు. అందుకే బుద్ధిగా మాట వినే స్టైరీన్‌తోనే కథ నడుపుతాను.)

తిప్పితే స్టైరీన్ చుక్కలుగా విడిపోతుంది. ఆ చుక్కే గట్టిపడి గింజవుతుందని ఎవరికైనా తోస్తుంది. మొదట్లో శాస్త్రవేత్తలకూ అలాగే తోచింది. తీరా చూస్తే చుక్క కంటే గింజ ఎన్నో రెట్లు చిన్నది! పుట్టిల్లు చుక్క కాదు, సబ్బు అని 1940ల్లో చికాగోలో విలియం హార్కిన్స్ వివరించారు. సబ్బు అణువులు యాభై, వంద చొప్పున గుమిగూడి మైసెల్ అనే ముద్దలు కడతాయి. పర్‌సల్ఫేట్ వేడికి విరిగి, స్టైరీన్ అణువులను గొలుసుగా (అదే పాలిమర్) కూర్చే రాడికల్స్ అనే ముక్కలను పుట్టిస్తుంది. ఒక రాడికల్ మైసెల్‌లో దూరిందా, గింజ మొలిచినట్టే. చుక్కలు ఒట్టి గాదెలు. స్టైరీన్ వాటిలోంచి కొద్దికొద్దిగా నీళ్ల మీదుగా గింజలకు చేరుతుంది. గింజ పెరిగేకొద్దీ ఒంటికి కప్పుకోవడానికి సబ్బు కావాలి, మొలవని మైసెల్స్ కరిగి ఆ సబ్బు ఇస్తాయి. మైసెల్స్ నిండుకున్నాయంటే ఇక కొత్త మొలకలు లేవు.

డెల్టా రైతుకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. నారుమడిలో విత్తనం ఒక్కరోజే చల్లితే నారు ఒక్క ఎత్తున లేస్తుంది, వారం పొడుగునా చల్లితే మడి మెట్లుమెట్లుగా ఉంటుంది. మొలిచే కాలం ఎంత పొట్టిదైతే గింజలు అంత సమానం.

దీనికి తోడు ఇంకో చమత్కారం ఉంది, నాకు ప్రాణం. 1948లో స్మిత్, ఎవార్ట్ అనే ఇద్దరు లెక్కగట్టారు. ఒక రాడికల్ ఉంటే గింజ పెరుగుతుంది. రెండోది దూరితే రెండూ కలిసి చల్లారతాయి. మరొకటి వచ్చేదాకా గింజకు నిద్రే. కనుక ఏ క్షణాన చూసినా సగం గింజలు పనిలో, సగం కునుకులో! అంటే చిన్నదానికీ పెద్దదానికీ దక్కే మేత ఒకటే. 10 పాళ్లదీ 20 పాళ్లదీ చెరో 100 పెరిగితే 110, 120 అవుతాయి. రెట్టింపు తేడా కాస్తా మాసిపోయింది.

ఈ పంక్తిభోజనాన్ని చెడగొట్టేది వేడి. 70 డిగ్రీల నుంచి 80కి వెళ్తే పర్‌సల్ఫేట్ విరిగే వేగం దాదాపు 4 రెట్లవుతుంది. స్మిత్-ఎవార్ట్ లెక్కన గింజల సంఖ్య ఇంచుమించు 1.7 రెట్లు, అడ్డుకొలత ఆరోవంతు తక్కువ. మొలిచే వేళ వేడి అటూఇటూ ఊగితే మడి మెట్లు కట్టిందన్నమాటే. పైగా ఈ చర్య తనే వేడి పుట్టిస్తుంది. కిలో స్టైరీన్ పాలిమర్ అయితే వచ్చే వేడితో రెండు లీటర్ల చల్లనీళ్లు మరిగించవచ్చు. పాత్రను అన్ని వైపులా 10 రెట్లు పెంచితే వేడి 1000 రెట్లు, దాన్ని లాగేసే గోడ 100 రెట్లే. అందుకే స్టైరీన్ ఒకేసారి గుమ్మరించరు. ధారగా వదులుతూ, వేడెక్కితే ధార తగ్గిస్తారు.

ఆ వేడిని పట్టించుకోకపోతే ఏమవుతుందో మనకు తెలుసు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో, ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకులో నిల్వ ఉన్న స్టైరీన్ తనంతట తానే పాలిమర్ కాసాగింది. ఆ వేడికి ఆవిరి లేచి ఊరి మీద పడింది, 12 మంది చనిపోయారు. ట్యాంకును చల్లగా ఉంచే ఏర్పాటూ, చర్యను ఆపే రసాయనమూ చాలలేదని ప్రభుత్వ కమిటీ తేల్చింది. అక్కడ సబ్బూ లేదు, మైసెల్సూ లేవు. వేడి మాత్రం ఇదే.

గింజలకు వేడి ఒక్కటే చిక్కు కాదు. మైక్రాన్లకొద్దీ పెద్ద గింజలు కావాలంటే అవి పాత్రలో తేలిపోవడమో, అడుక్కు చేరడమో జరుగుతుంది. గురుత్వాకర్షణే అడ్డమని అమెరికాలో వాండర్‌హాఫ్ బృందం 1982 నుంచి స్పేస్ షటిల్‌లో వండింది. 10 మైక్రాన్ల గింజలు 1985లో కొలమానాలుగా అమ్మకానికీ వచ్చాయి. అసలు షటిల్ కంటే ముందే నార్వేలో ఊగెల్‌స్టాడ్ అనే ఆచార్యుడు నేల మీదే సమానమైన పెద్ద గింజలు చేసి కూర్చున్నాడు!

ఉపయోగాలూ చెప్పాలని సంపాదకుల పోరు. రంగులు, జిగుర్లు, రక్తపరీక్షలు... ఇక చాలు. పాఠకుడికి మాత్రం ఒక మాట. గింజలు కలిసిపోవడానికీ కాస్త వెచ్చదనం కావాలి. బెజవాడలో ఆ బెంగ లేదు. డిసెంబరులో లంబసింగిలో తెల్లారగట్ల అతికిస్తే మాత్రం, ఆరాక కూడా జిగురు సున్నంలా తెల్లగానే ఉండిపోవచ్చు.